అల్లుడుగారూ, బట్టలైపోయాయి

ఆఫీసులో అతణ్ణి అందరూ చుక్క అని పిలిచేవారు. అలవాట్లున్న మనిషనుకునేరు, పాపం టీకి మించి మత్తెరగడు. ఆ పేరు వెనక కథ వేరు.

వాళ్ళ కంపెనీ బట్టలుతికే మెషీన్లు తయారుచేస్తుంది. కింది అంతస్తులో రేకులు వంచి, డ్రమ్ములు బిగించి, రంగులేస్తారు. పై అంతస్తులో కూర్చున్నవాళ్ళు, నీళ్ళెప్పుడు పట్టాలో, డ్రమ్ము ఎటు తిరగాలో, ఎప్పుడాగాలో మెషీనుకు చెప్పే ప్రోగ్రాము రాస్తారు. రాసిందంతా దాచుకోవడానికి వాళ్ళకొక ఉమ్మడి కొట్టుంది. దాన్ని రెపో అంటారు. ఎవరి కంప్యూటర్లో వాళ్ళు పనిచేసుకుని, పంపాల్సిన ఫైళ్ళను యాడ్ చేసి, ఎందుకు చేర్చారో ఒక ముక్క రాసి, రెపోలోకి తోస్తారు. అక్కణ్ణుంచి అవి మిగతా అందరి కంప్యూటర్లలోకీ దిగుతాయి. తీసెయ్యాలన్నా అదే తంతు. చేర్చాలంటే యాడ్ అని కొట్టి పక్కన ఫైలు పేరు రాయాలి. రాయడానికి బద్ధకమైతే పేరుకు బదులు ఒక చుక్క పెట్టొచ్చు. చుక్క అంటే 'ఇక్కడున్నవన్నీ' అని అర్థం.

మనవాడు ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ పేరు రాసిన పాపాన పోలేదు. చుక్క పెట్టేవాడు, ఆ ఫోల్డరులో ఏదుంటే అది వెళ్ళిపోయేది. ఒకసారి కరెంటు బిల్లు వెళ్ళింది. ఇంకోసారి అతని పంటి ఎక్స్‌రే వెళ్ళి, ఆ వారమంతా టీములో ప్రతివాళ్ళూ "పన్నెలా ఉంది?" అని పరామర్శించారు.

టీముకు పెద్ద ఒకావిడ. అందరూ అక్కా అనే పిలుస్తారు. రెపోలోకి వచ్చే ప్రతి ఫైలునూ ఆవిడ చూడాల్సిందే.

"చుక్కా, పెళ్ళికి పిలవాలంటే ఇంటింటికీ వెళ్ళి పేరు పెట్టి పిలుస్తామా లేదా? వీధి మధ్యలో నిలబడి 'అందరూ రండహో' అంటే కుక్కలు కూడా వస్తాయి" అనేది.

"నిజమేనక్కా. ఇక పేర్లే రాస్తా" అనేవాడు. మర్నాడు మళ్ళీ చుక్కే.

ఆ ఏడు కంపెనీ మాట్లాడే మెషీను ఒకటి మొదలుపెట్టింది. ఉతకడం అయిపోగానే కుయ్యిమనే బదులు, తేనె పూసినట్టున్న ఆడగొంతు ఒకటి "ఉతకడం పూర్తయింది. ధన్యవాదాలు" అంటుంది. అప్పటికీ ఎవరూ వచ్చి మూత తీయకపోతే, కాసేపాగి రెండోసారి గుర్తుచేస్తుంది. మొదటి మాట స్టూడియోలో రికార్డయి వచ్చేసింది. రెండోది ఇంకా రాలేదు. ఆ ఫైలు లేకపోతే మెషీను నోరు మూసుకుని ఊరుకుంటుంది, అంతే. ఈ మాట్లాడే భాగమంతా చుక్క పనే. అందుకని కంపెనీవాళ్ళు మెషీనొకటి అతని ఇంట్లోనే పెట్టించారు, వాడి చూస్తూ సరిచేయమని.

సరిగ్గా అప్పుడే అతని అత్తగారు వచ్చారు. ఆవిడ ఇంటికి పైకప్పు మరమ్మతు జరుగుతోంది, అది అయ్యేదాకా కూతురి దగ్గర ఉందామని. ఆవిడ బడిలో ఆటల టీచరుగా చేసి రిటైరయ్యారు. ఈల అక్కర్లేకుండా మైదానం ఈ కొస నుంచి ఆ కొసన ఉన్న పిల్లల్ని బొమ్మల్లా నిలబెట్టిన గొంతు. అయితే అల్లుణ్ణి ఏనాడూ 'నువ్వు' అనలేదు, 'గారు' లేకుండా పిలవలేదు. కోపం పెరిగినకొద్దీ ఆవిడ దగ్గర మర్యాద పెరుగుతుంది. మామూలప్పుడు 'మీరు'. విసుగొస్తే 'తమరు'. 'తమరు' కూడా దాటే సూచనలు కనిపిస్తే ఇంట్లోవాళ్ళు తలో గదిలోకి సర్దుకుంటారు.

ఒక ఆదివారం పొద్దున చుక్క మెషీను మీద ఫోను పెట్టాడు. డ్రమ్ము ఆగేముందు చేసే చప్పుడు రికార్డు చేసి, దానికంటే గొంతు ఎంత పైకి వినపడాలో చూద్దామని. పెట్టినవాడు పెట్టినట్టే ముందుగదిలోకి వెళ్ళి, పేపరు తెరిచి, లోకం మరిచిపోయాడు. బట్టలు అయిపోయాయి. ఎవరూ తీయలేదు. అత్తగారు అటుగా వచ్చి, మూతలోంచి తడిబట్టలు చూసి, తలుపు దగ్గర నిలబడి ఒకే ఊపిరిలో అన్నారు.

"అల్లుడుగారూ! బట్టలైపోయాయి. తమరొచ్చి తీస్తారా, అవే నడిచొచ్చి దండెమెక్కుతాయని చూస్తున్నారా?"

పేపరు అతని చేతిలోంచి జారిపోయింది. పరుగెత్తుకెళ్ళి బట్టలు తీశాడు, ఆరేశాడు, ఆ తర్వాత ఫోను సంగతి గుర్తొచ్చింది. రికార్డయింది విని ముందు భయపడ్డాడు, తర్వాత ఉద్యోగస్థుడిలా ఆలోచించాడు. అంతకుముందు రికార్డయిన డ్రమ్ము హోరు కంటే పైకి ఒక్కొక్క అక్షరం గుండ్రంగా వినపడుతోంది. స్పీకరును పరీక్షించడానికి ఇంతకంటే మంచి గొంతు ఎక్కడ దొరుకుతుంది? స్టూడియోవాళ్ళు పంపేదాకా ఉంటుందిలే అని, ముందున్న డ్రమ్ము చప్పుడు కోసేసి, దానికి 'గుర్తుచేయి' అని పేరుపెట్టి, లాప్‌టాప్‌లో శబ్దాల ఫోల్డరులో ఖాళీగా ఉన్న చోట పెట్టాడు. అక్కణ్ణుంచి మెషీనులోకి ఎక్కించాడు. అత్తగారు బజారుకు వెళ్ళినప్పుడు వాడి చూశాడు. మొదట తేనెగొంతు పలికింది. కాసేపాగి రెండోది పలికింది. అదేమిటో తెలిసి కూర్చున్నవాడు కూడా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

స్పీకరు బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

కొత్త మెషీనును ఊళ్ళూళ్ళ డీలర్లకు చూపించే రోజు దగ్గరపడింది. ముందురోజు మధ్యాహ్నం చిన్న తప్పొకటి బయటపడింది, తేనెగొంతు 'ధన్యవాదాలు' మధ్యలో తెగిపోతోంది. చుక్క కూర్చుని ఒక ఫైలులో సరిచేశాడు. యాడ్ కొట్టాడు. చుక్క పెట్టాడు. రెపోలోకి తోసేశాడు.

వెంటనే అక్క పిలిచింది. "చుక్కా, ఇటు రా. నువ్వు సరిచేసింది ఒక ఫైలు. వచ్చినవి బోలెడు. ఈ పైకప్పు బొమ్మేమిటి?"

"మా అత్తయ్యగారి ఇంటి రిపేరక్కా. మేస్త్రీ పంపాడు."

"ఈ కళ్ళద్దాల ఫోటో?"

"ఆ ఫ్రేము నాకు బావుంటుందా అని... మా ఆవిణ్ణి అడుగుదామని."

"బావుండదు. ఈ 'గుర్తుచేయి' ఏమిటి? స్టూడియోవాళ్ళు పంపారా?"

"లేదక్కా, అది టెస్టుది. చెత్త."

"అన్నీ తీసెయ్. ఇప్పుడే తీసెయ్. రేపు పొద్దున డీలర్ల ముందు పెట్టేది ఈ రెపోలో ఉన్నదే."

చుక్క వెళ్ళి తన ఫోల్డరులోంచి అవన్నీ చెరిపేసి, చేతులు దులుపుకుని టీకి వెళ్ళాడు. గ్లాసు నోటిదాకా వచ్చేసరికి అక్క మళ్ళీ పిలిచింది.

"ఇంకా ఉన్నాయిగా!"

"తీసేశానక్కా, ఒట్టు."

"నీ బల్ల మీంచి తీసేస్తే కొట్లోంచి పోతాయా? తీసేశానని కొట్టుకు చెప్పాలి నాయనా. ఎన్నేళ్ళయింది చేరి?"

రోషమొచ్చింది మనవాడికి. ఈసారి సరిగ్గా తీద్దామని రిమూవ్ అని కొట్టాడు. పైకప్పు పోయింది. కళ్ళద్దాలు పోయాయి. మూడోదాని దగ్గర మాత్రం కంగారులో ఫైలు పేరుకు బదులు ఫోల్డరు పేరు రాసి తోసేశాడు. దాంతో 'గుర్తుచేయి' ఒక్కటే కాదు, తేనెగొంతు, మూత పడ్డ చప్పుడు, నీళ్ళు రాకపోతే మోగే గంట, శబ్దాల ఫోల్డరు సాంతం ఊడ్చిపెట్టుకుపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. అక్క పరీక్ష కోసమని మెషీను తిప్పితే, మాట్లాడే మెషీను మౌనవ్రతం పట్టింది.

"అక్కా, నన్ను చంపెయ్" అన్నాడు చుక్క.

"అది డీలర్లు వెళ్ళాక చూద్దాం. రెపో ఏదీ మరిచిపోదు, దాని చరిత్రలో పాతవన్నీ ఉంటాయి. తీసెయ్యక ముందు ఆ ఫోల్డరు ఎలా ఉందో అలాగే వెనక్కి తెచ్చెయ్."

తెచ్చేశాడు. తీసెయ్యక ముందు ఎలా ఉందో అచ్చం అలాగే వచ్చింది. మెషీను తిప్పారు. "ఉతకడం పూర్తయింది. ధన్యవాదాలు" అంది తేనెగొంతు, ఎక్కడా తెగకుండా. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అక్క వెంటనే మూత తెరిచి, మెషీనాపి, బ్యాగు సర్దుకుంది. ఆ ఫోల్డరుతో పాటు అత్తగారు కూడా వెనక్కొచ్చారని తెలియాలంటే మూత తీయకుండా కాసేపు ఊరికే నిలబడి చూడాలి. ఆ సాయంత్రం అంత ఓపిక ఎవరికుంది?

మర్నాడు హాలు నిండిపోయింది. వేదిక మీద కొత్త మెషీను మెరిసిపోతోంది. లోపల తెల్లటి మేజాగుడ్డలు తిరుగుతున్నాయి. పక్కనే మైకు పట్టుకుని కంపెనీ ఎండీ నిలబడ్డారు. ఆయన గురించి ఒక మాట చెప్పుకోవాలి. కంపెనీ పెట్టింది ఆయన కాదు, ఆయన అత్తగారు. ఆవిణ్ణి కంపెనీలో అందరూ పెద్దమ్మగారు అంటారు. ఆవిడ ఎవర్నీ ఏమీ అనరు. ముందు వరసలో కూర్చుని వింటారు, అంతే. ఎండీ మాత్రం ఎంత పెద్ద సభలో మాట్లాడుతున్నా ఒక కంటి కొస ఆవిడ మీదే ఉంచుతారు.

డ్రమ్ము ఆగింది. తేనెగొంతు పలికింది. హాలంతా చప్పట్లు. ఎండీ ముఖం విప్పారింది. ఆ ఊపులో ఆయన మూత తీయడం మానేసి ఉపన్యాసం అందుకున్నారు. నీళ్ళు ఎంత ఆదా అవుతాయో చెప్పారు. గ్యారంటీ గురించి చెప్పారు. ఈ మెషీను ఇంటికొస్తే ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అననక్కర్లేదని చెప్పారు.

"ఇది ఎంత మృదువుగా, ఎంత మర్యాదగా గుర్తుచేస్తుందంటే..."

"అల్లుడుగారూ!" అంది మెషీను.

హాలు గోడలు అదిరాయి.

"బట్టలైపోయాయి. తమరొచ్చి తీస్తారా, అవే నడిచొచ్చి దండెమెక్కుతాయని చూస్తున్నారా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎండీ చటుక్కున మైకు కింద పెట్టేసి, "ఇదిగోనండీ, ఇదిగో" అంటూ మూత తెరిచారు. వంగి తడి మేజాగుడ్డలు లాగడం మొదలుపెట్టారు. ఒకటి భుజం మీద వేసుకున్నారు, రెండోది చేతి మీద వేసుకున్నారు. మూడోది లాగుతుండగా తానేం చేస్తున్నారో ఆయనకు తెలిసొచ్చింది. అప్పటికి కోటు మీంచి నీళ్ళు కారుతున్నాయి.

హాలు నవ్వులతో పగిలిపోయింది. డీలర్లలో సగంమంది ఎవరింటికో అల్లుళ్ళే కదా, వాళ్ళు కుర్చీల మీంచి జారి మరీ నవ్వారు. పెద్దమ్మగారు మొదట అటూ ఇటూ చూశారు, తానేమైనా అన్నారేమోనని. తర్వాత కళ్ళజోడు తీసి, కళ్ళు ఒత్తుకుంటూ నవ్వారు.

వెనక గోడకు ఆనుకుని చుక్క తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాడు. అక్క మెల్లగా పక్కకొచ్చింది.

"ఎవరి గొంతది?"

"మా అత్తయ్యగారిదక్కా."

అక్క చేతిరుమాలు నోట్లో కుక్కుకుని బయటికి పరుగెత్తింది.

మధ్యాహ్నం ఎండీ ఇద్దర్నీ గదిలోకి పిలిపించారు. కోటు కుర్చీ మీద ఆరుతోంది.

"దాన్ని తీసెయ్యండి. ఆనవాలు కూడా మిగలకూడదు."

"తీసేస్తాం సార్. కాకపోతే పాత చరిత్రలో ఉంటుంది" అంది అక్క.

"చరిత్రలోంచి కూడా తీసెయ్యండి."

"అలా తీయాలంటే చరిత్ర మొత్తం తిరగరాయాలి సార్. అందరూ పనులాపుకుని, ఉన్నదంతా పారేసి, మళ్ళీ కొత్తగా దించుకోవాలి. ఎవరో ఒకరి దగ్గర పాతది మిగిలిపోయినా మళ్ళీ ఎక్కేస్తుంది."

ఎండీ చుక్క వంక అదోలా చూశారు. "మనిషిని ఉద్యోగంలోంచి తీసెయ్యడం ఇంతకంటే తేలికలా ఉందే."

అక్కే కల్పించుకుంది. "చూసుకోకుండా మెషీనుకెక్కించింది నేను సార్. తీస్తే ఇద్దర్నీ తీయాలి." ఇద్దర్నీ తీస్తే మాట్లాడే మెషీనుకు మాటలు నేర్పేవాళ్ళుండరు. ఎండీ చెయ్యూపి పంపేశారు. ఈసారి అక్క తనే కూర్చుని ఆ ఒక్క ఫైలునూ పేరుపెట్టి తీసేసి, కారణం దగ్గర 'పొరపాటున వచ్చింది' అని రాసింది.

అక్కడితో అయిపోయిందనుకున్నారు. మర్నాటి నుంచి డీలర్ల ఫోన్లు మొదలయ్యాయి. ఎవరికీ నీళ్ళ ఆదా గుర్తులేదు, గ్యారంటీ గుర్తులేదు. "ఆ అల్లుడుగారి మెషీను ఎప్పుడు పంపుతారు?" అని అడిగేవాళ్ళే. అది పొరపాటున జరిగిందని చెబితే, "అయితే ఆ పొరపాటుతోనే పంపండి" అన్నాడొకాయన. సంగతి పెద్దమ్మగారి దాకా వెళ్ళింది. ఆవిడ ఎండీ గదికి వచ్చి ఆ గొంతు ఉండాలన్నారు.

"అత్తయ్యా, నా పరువేం కాను?" అన్నారు ఎండీ.

"మీ పరువు మొన్న హాల్లోనే పోయింది బాబూ. ఇప్పుడు మిగిలింది మెషీనే. దాన్నయినా అమ్ముకుందాం" అన్నారావిడ చల్లగా.

అయితే ఆ గొంతు ఎవరిదో వాళ్ళు సరేననాలి. అడగకుండా ఒకరి గొంతు ఊరంతా అమ్మకూడదు. అడిగే పని చుక్క నెత్తిన పడింది.

ఇంటికెళ్ళి ముందు భార్యకు చెప్పాడు. ఆవిడ బట్టలు మడతపెడుతోంది. విన్నకొద్దీ మడతలు ఆగిపోయాయి, చివరికి ఆ కుప్ప మీదే కూలబడి పొట్ట పట్టుకుంది.

"నువ్వు చెబితే వింటారేమో" అన్నాడు ఆశగా.

"అమ్మో, నేను ఆ గదిలో కూడా ఉండను. 'తమరు' దాటాక ఏముంటుందో నేను చిన్నప్పుడే చూశాను. నువ్వే వెళ్ళు" అంది.

అత్తగారు వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. చుక్క ఎదురుగా కూర్చుని, తనూ ఒక కాయ తీసుకుని ఒలిచాడు.

"అత్తయ్యా, మీ గొంతు రెపోలో పడింది."

"ఎక్కడ పడింది?"

"రెపోలో. అంటే ఆఫీసులో అందరికీ ఉమ్మడి కొట్టులాంటిది."

"నా గొంతు అందులో ఎలా పడింది?"

ఫోను దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాడు. "పడలేదండీ, నేనే యాడ్ చేశాను. తర్వాత తీశాను. తీయబోతే అన్నీ పోయాయి, అందుకని మళ్ళీ పెట్టాను. మళ్ళీ అక్క తీసింది. ఇప్పుడు మళ్ళీ పెట్టమంటున్నారు."

ఆవిడ చేతిలో కాయ ఆగింది. "ఉన్నదాన్ని తీయడం, తీసినదాన్ని పెట్టడం. రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి తమరు చేసేది ఇదేనా?"

"దాదాపు అంతేనండీ."

తమరు వచ్చేసింది. చుక్క తలుపు ఎంత దూరంలో ఉందో చూసుకున్నాడు. అత్తగారు ఆగిన కాయ ఒలిచి గిన్నెలో వేశారు.

"ఎంతమంది విన్నారు?"

"హాలంతా విన్నారండీ."

"వెనకవాళ్ళకు వినపడిందా?"

"బయట కార్ల దగ్గరున్న డ్రైవర్లకు కూడా వినపడిందట."

ఆవిడ పెదవి కొస కొంచెం కదిలింది. వెంటనే సర్దుకున్నారు. "ఆ రోజు నాకు జలుబు. జలుబు గొంతేసుకుని పదిమంది ఇళ్ళలోకి నేను వెళ్ళను. కావాలంటే మళ్ళీ రికార్డు చేసుకోమనండి."

స్టూడియో గోడలన్నిటికీ మెత్తటి స్పాంజి అంటించి ఉంది. అత్తగారు మంచి చీర కట్టుకుని, జడ బిగించి అల్లుకుని వచ్చారు. అక్క వచ్చింది. చూడాలని ముచ్చటపడి పెద్దమ్మగారు వచ్చారు, ఆవిడ వచ్చారు కాబట్టి ఎండీ వచ్చారు. రికార్డింగాయన మైకు సరిచేసి, కానివ్వండమ్మా అన్నాడు.

అత్తగారు గొంతు సవరించుకున్నారు. "అల్లుడుగారూ, బట్టలైపోయాయండి. తమకు వీలున్నప్పుడు వచ్చి తీసుకోగలరు" అన్నారు, రేడియోలో వార్తలు చదివినట్టు.

అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"అమ్మా, కొంచెం కోపం కావాలి" అన్నాడు రికార్డింగాయన.

"కోపమెందుకొస్తుంది నాయనా, ఇంత మర్యాదగా చూస్తుంటే? రాగానే టీ కూడా ఇచ్చారు."

మళ్ళీ చెప్పించారు. ఇంకా మెత్తబడింది. కోపం తెప్పిద్దామని చుక్క తడి రుమాలు తీసుకెళ్ళి ఆవిడ కూర్చోబోయే కుర్చీ మీద వేశాడు. "నలుగురిలో ఉన్నాం, పరవాలేదులెండి" అని ఆవిడ తీసి మడతపెట్టారు. ఎండీ కూడా తనవంతు సాయంగా బల్ల మీద టీ ఒలకబోశారు. "అయ్యో, చెయ్యి కాలలేదు కదా బాబూ?" అని ఆవిడే తుడిచారు. మధ్యాహ్నమయ్యేసరికి ఆ గొంతు బిడ్డను జోకొట్టేలా తయారైంది.

"పాతదే బావుంది" అంది అక్క చివరికి.

"పాతది తీసేయించాను కదా" అన్నారు ఎండీ.

"తీసేశాం సార్. కానీ చరిత్రలో ఉంది."

తన మాట పూర్తిగా చెల్లనందుకు ఎండీ సంతోషించడం అక్క మొదటిసారి చూసింది. లాప్‌టాప్ తెరిచి, తను తీసెయ్యడానికి ముందు రోజుకు వెళ్ళి, ఆ ఒక్క ఫైలునూ బయటికి లాగి, పెద్ద స్పీకర్లకు కలిపింది.

గది దద్దరిల్లింది. స్పాంజి కూడా ఆపలేకపోయింది. 'దండెమెక్కుతాయని చూస్తున్నారా' అయ్యాక కూడా ఫైలు ఆగలేదు. పేపరు జారిన శబ్దం, తర్వాత ఎక్కడో దూరంగా మేకపిల్ల అరిచినట్టు ఒక గొంతు, "ఆఁ... వస్తున్నానత్తయ్యా!" ఆ రోజు హాల్లో నవ్వుల మధ్య ఈ తోక ఎవరికీ వినపడలేదు.

ఇప్పుడు అందరికీ వినపడింది. అక్క నవ్వబోయి ఆగిపోయింది, అత్తగారి ముఖం చూసి.

"ఇంత గట్టిగా అరుస్తానా నేను?" అన్నారావిడ.

రికార్డింగాయన తన మీటల వంక చూసుకున్నాడు.

"తీసెయ్యమ్మా దీన్ని" అన్నారు అక్కతో. "బడిలో అరిచానంటే అది ఉద్యోగం. ఇంట్లోనూ ఇదేనని నాకు తెలీదు. అమ్మాయి కూడా చెప్పలేదు."

ఆవిడ అంత చిన్నబోవడం చుక్క ఎప్పుడూ చూడలేదు. "అత్తయ్యా, ఇది పరీక్షిస్తూ ఎన్నిసార్లు విన్నానో నాకే తెలీదు. విన్నప్పుడల్లా ఉలిక్కిపడి లేచాను. ఒక్కసారి కూడా మనసుకు కష్టం అనిపించలేదు. మీరు నన్ను నొప్పించాలని అనరు కదా. బట్టలు తీయాలని అంటారు, అంతే. నిజం చెప్పాలంటే, తీయాలి కూడా."

పెద్దమ్మగారు తన కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "చూడండి, నేను మా అల్లుణ్ణి ఇన్నేళ్ళలో పల్లెత్తు మాట అనలేదు. అదేదో గొప్పనుకున్నాను. అనకపోబట్టే ఈయన బెదిరిపోయాడని మొన్న తెలిసింది. మీలాగా ఎప్పుడైనా ఒక్కసారి అరిచేసి ఉంటే ఇద్దరం హాయిగా ఉండేవాళ్ళం. ఏం బాబూ?"

ఎండీ చేతిలో టీ కప్పు బల్ల మీద పెట్టారు. "నిజమే అత్తయ్యా. మీరు మాట్లాడకపోతే ఏమనుకుంటున్నారో తెలియక చస్తుంటాను" అన్నారు. ఆ తర్వాత తడుముకుంటూ, "మొన్న ఆ గుడ్డలు తీసేశాక రాత్రి హాయిగా నిద్రపట్టింది" అని కూడా అన్నారు.

పెద్దమ్మగారు నవ్వేశారు. అత్తగారు కూడా నవ్వాపుకోలేకపోయారు. ఇంకోసారి వెయ్యమన్నారు. ఈసారి కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు.

"తోక కోసేస్తానమ్మా, గొంతు ఒక్కటీ ఉంచుతాను" అన్నాడు రికార్డింగాయన.

"కొయ్యకండి. ఆ జవాబు లేకపోతే వినేవాళ్ళు నన్ను గయ్యాళనుకుంటారు. ఉంటే, పిలిస్తే పలికేవాడు ఒకడున్నాడని తెలుస్తుంది. ఆ జవాబుతో అయితేనే నేను ఒప్పుకుంటాను."

"అత్తయ్యా! నా గొంతు వద్దండీ. మేకలా ఉంది" అన్నాడు చుక్క కంగారుగా.

"నాకు జలుబు లేదా? నేను సర్దుకోవడం లేదా?"

"ఇద్దరి గొంతూ ఉంటే ఇద్దరూ ఒప్పుకోవాలి మరి" అని అక్క చుక్క వంక చూసింది. ఎండీ చూశారు. పెద్దమ్మగారు చూశారు. అత్తగారు మాత్రం చూడకుండా, "తమరి ఇష్టం" అన్నారు.

చుక్క ఒప్పుకున్నాడు.

సాయంత్రం ఆఫీసులో అక్క అతని పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. అతను యాడ్ అని కొట్టి, 'గుర్తుచేయి' అని ఒక్కొక్క అక్షరమే రాశాడు. తెర మీద ఒకే ఒక్క ఫైలు కనిపించింది. ఎందుకు చేరుస్తున్నావో రాయమంది అక్క. కాసేపు తల గోక్కున్నాక, 'అత్తగారి అనుమతితో. నన్ను కూడా అడిగారు' అని రాశాడు. అక్క చదివి, తల పంకించి, తొయ్యమంది.

టీ చల్లారేలోపు అది కింది అంతస్తుకు చేరింది. అక్కడ వరసగా నిలబెట్టిన కొత్త మెషీన్లలోకి, ఒకదాని తర్వాత ఒకదాన్లోకి, అత్తా అల్లుళ్ళు దిగడం మొదలుపెట్టారు.